పన్నెండో జత

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ల చూపు ముందు పుస్తకాల బీరువా మీద పడదు, గుమ్మం పక్కనున్న చెప్పుల స్టాండు మీద పడుతుంది. మూడు అరలు, పదకొండు జతల బూట్లు. బూట్లంటే ఆఫీసులకు వేసుకునే నల్లబూట్లు కాదు, ఇప్పటి పిల్లలు స్నీకర్స్ అంటున్నవి. తెల్లవి, నీలివి, ఒకటి పండుమిరపకాయ ఎరుపు. యాభై ఏడేళ్ల తెలుగు లెక్చరర్ ఇంట్లో, అందులోనూ రోజూ చీర కట్టుకుని కాలేజీకి పోయే మనిషి ఇంట్లో ఇవేమిటని వాళ్లకు సందేహం. ఉన్న అల్లుడి కోసమో, లేని కొడుకు కోసమో కళ్లతో వెతుకుతారు. నావేనని చెబితే ఒక నవ్వు నవ్వుతారు.

పోయిన నెలలో ఒక సహోద్యోగి వచ్చాడు. అభ్యుదయవాది అని పేరున్నవాడు. స్టాండు ముందు నిలబడి వేలితో లెక్కపెట్టి మరీ, "పదకొండా మేడమ్! వస్తువ్యామోహం మీద సెమినార్లో పేపరు చదివింది మీరే కదా?" అన్నాడు. చదివింది నేనే. ఆయన భార్య బీరువాలో పట్టుచీరలెన్నో ఆయన ఏనాడూ లెక్కపెట్టి ఉండడు. ఒకవేళ లెక్కపెట్టినా దాన్నెవరూ వ్యామోహం అనరు, ముచ్చట అంటారు. ఆడదాని మెడలో ఎంత బంగారమున్నా అది ఇంటి పరువు. అదే ఆడదాని కాళ్ల కింద రెండు వేళ్ల మందం రబ్బరుంటే అది విడ్డూరం! ఇదంతా ఆయనకు అప్పటికప్పుడు చెప్పేశాను. చెప్పడం నాకు కష్టం కాదు, వృత్తే అది. కానీ ఆయన వెళ్లిపోయాక స్టాండు ముందు నేను కూడా కాసేపు నిలబడ్డాను. నిజంగా ఎందుకిన్ని? ఆయనకిచ్చిన జవాబు ఆయన ప్రశ్నకే సరిపోయింది. నా ప్రశ్నకు సరిపోలేదు.

మొదటి జత కొన్నది మందుగా. ముప్పై ఏళ్లు మడమ ఎత్తు చెప్పులేసుకుని, సిమెంటు నేల మీద, బోర్డు ముందు రోజుకు నాలుగు గంటలు నిలబడితే ఏమవుతుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలోకి మేకు దిగినట్టుండేది. మెత్తటి అడుగున్నవి, మడమను గట్టిగా పట్టి ఉంచేవి స్పోర్ట్స్ షూలే వేసుకోమంది డాక్టరమ్మ. చీర మీదనా అన్నాను. "మడమకు చీరా, ప్యాంటూ తేడా తెలీదు కదండీ" అందామె. నా చదువంతా కలిపినా నాకు తోచని మాట అది.

వేసుకుని వెళ్లిన రోజే స్టాఫ్‌రూములో ఒక పెద్దావిడ "ఏమ్మా, పి.టి. మాస్టారి పోస్టు కూడా నీకే ఇచ్చారా?" అంది. అందరం నవ్వాం, నేను కూడా. వారం తర్వాత పైనుంచి కబురొచ్చింది, మహిళా అధ్యాపకులు 'హుందా అయిన' పాదరక్షలు ధరించాలని. నోటీసు కాదు, ఉత్త కబురు. ఆ కబురు మీద కోపంతో రెండో జత కొన్నాను. మూడోది మాత్రం కేవలం అందంగా ఉందని కొన్నాను. ఈ ఒక్క మాట రాయడానికి ఇంత వయసొచ్చాక కూడా నా చెయ్యి కాస్త ఆగింది.

ఆ తర్వాతవన్నీ మా అమ్మాయి చలవ. బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. దానికి ఈ బూట్ల పిచ్చి నాకంటే ముందే ఉంది. ఏటా దసరాకు ముందు, ఇంకా డిస్కౌంట్లు మొదలు కాకుండానే, 'ఈ సీజన్‌కి కలెక్షన్లో చేర్చదగ్గవి' అని నాకు ఫోన్లో ఒక జాబితా పంపుతుంది. ఈసారి అయిదు పేర్లు పంపింది. అయిదింటిలో ఒకటే కొనాలని మా ఇద్దరికీ ఒప్పందం. పన్నెండో జత.

మొదటిది సాంబా. అడిడాస్ వాళ్లు 1950 ప్రాంతంలో, మంచు పట్టి గడ్డకట్టిన నేల మీద ఫుట్‌బాల్ ఆడేవాళ్లు జారిపడకుండా చేసిన బూటు. 2022, 2023 సంవత్సరాల్లో ఎక్కడ చూసినా ఆడపిల్లల కాళ్లకు అదే. అందమైనదే, కాదనను. సన్నగా, నేలకు దగ్గరగా ఉంటుంది, కుచ్చిళ్ల కింద నుంచి ముక్కు మాత్రం కనిపిస్తుంది. కానీ అడుగు పలచన. మడమ నొప్పి ఉన్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. పైగా ముక్కు మీద స్వెడ్ తోలు, నీళ్లు తగిలితే మచ్చ పడుతుంది. మా తిరుపతి, నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దసరాకు కొని సంక్రాంతి దాకా పెట్టెలో దాచుకోవాల్సిన బూటు నాకెందుకు?

రెండోది జపాను వాళ్ల ఒనిట్సుకా టైగర్, పసుపు మీద నల్ల చారలు. మా అమ్మాయి కాళ్లకు బాగుంటుంది. మూడోది జోర్డాన్. 1985లో మైకేల్ జోర్డాన్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడి పేరు మీద మొదలైన వరస. దాన్ని కొనేది వేసుకోవడానికి కాదట, దాచుకోవడానికట! "పెట్టుబడి అమ్మా, రేటు పెరుగుతుంది" అంటుంది. తొడగకుండా దాచిన బూట్లలో కొన్నిటికి ఏళ్లు గడిచేకొద్దీ గాలిలో తేమకే అడుగు పొడిపొడిగా రాలిపోతుంది. లోపల వాడే పాలీయురెథేన్ గుణం అది. నడిచేవాళ్ల బూట్లు అరుగుతాయి. నడవనివాళ్లవి కూడా మిగలవు. సముద్రం దగ్గరున్న ఊళ్లవాళ్లు ఈ సంగతి తెలుసుకుని కొనుక్కోవాలి.

నాలుగోది నైకీ కార్టెజ్, 1972 నాటిది. దీని దగ్గర నేను ఆగిపోయాను. బూటు వల్ల కాదు, ఆ కంపెనీ పుట్టుకలో ఉన్న ఇద్దరాడవాళ్ల వల్ల. ప్రపంచంలో ఏ మూలనున్న పిల్లవాడైనా గుర్తుపట్టే ఆ కొడవలి వంపు లాంటి గుర్తు గీసింది కరోలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని. 1971లో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో గ్రాఫిక్ డిజైన్ చదువుకునేది. కంపెనీ స్థాపకుల్లో ఒకడైన ఫిల్ నైట్ అక్కడే అకౌంటింగ్ పాఠాలు చెప్పేవాడు. గుర్తు గీసినందుకు ఆమెకు ముట్టింది 35 డాలర్లు. పన్నెండేళ్ల తర్వాత, 1983లో, ఆమెను పిలిచి విందు చేసి ఒక ఉంగరం, కొన్ని షేర్లు ఇచ్చారు. కనీసం ఆమె పేరయినా మిగిలింది. రెండో ఆమె కథ ఇంకా చిత్రం. ఆ కంపెనీ రెండో స్థాపకుడు బిల్ బోవర్మన్ పరుగుపందేల కోచ్. అదే 1971లో భార్య బార్బరా వాఫుల్ పెనం చూసి అతనికి కొత్త రకం అడుగు తట్టింది. వాఫుల్ అంటే గళ్లు గళ్లుగా పొంగే ఒక రకం అట్టు. ఆ పెనంలో రబ్బరు ద్రావకం పోశాడు, పెనం అతుక్కుపోయి పనికిరాకుండా పోయింది. ఆ గళ్ల అడుగు మాత్రం పరుగుబూట్లనే మార్చేసింది. ఏళ్ల తర్వాత ఆ పెనం వాళ్లింటి చెత్తగుంటలో దొరికితే తెచ్చి భద్రంగా దాచారు. ఈ కథను ఎవరు చెప్పినా బోవర్మన్ మేధస్సు గురించి చెబుతారు. మర్నాడు పొద్దున ఆ ఇంట్లో అట్లెవరు పోశారో, దేంతో పోశారో ఎవరూ అడగరు.

నేను అడగడానికి కారణం ఉంది. మేం మాదిగలం. మాది సూళ్లూరుపేటకు దగ్గర పల్లె. మా తాత చెప్పులు కుట్టేవాడు. ఊళ్లో ఎవరినడిగినా 'ఫలానావాడి చెప్పులు పదేళ్లు చెక్కుచెదరవు' అని తాత పేరే చెప్పేవాళ్లు. తంగేడు చెక్క కొట్టుకొచ్చేది అవ్వ. దంచేది అవ్వ. లందలో తోలు నానబెట్టి, రోజూ తిరగేసి, ఆ వాసనలో మోచేతుల దాకా ముంచి పని చేసేది అవ్వ. తాత చేతికి వచ్చేసరికి తోలు మెత్తగా, శుభ్రంగా వచ్చేది. ఆయన రంపెతో కోసి, ఆరెతో పొడిచి కుట్టేవాడు. 'చెప్పులు కుట్టేవాడు' అన్న మాటకు మా పల్లెలో ఆడరూపం లేదు. అవ్వ చేతులు చనిపోయేనాటికి కూడా తంగేడు రంగులోనే ఉన్నాయి.

తాత చేసే వాటిలో కిర్రు చెప్పులకు గిరాకీ ఎక్కువ. నడుస్తుంటే కిర్రుకిర్రుమని చప్పుడు రావాలి. ఊరి పెద్దలు చెప్పి మరీ చేయించుకునేవాళ్లు. అడుగు పొరల మధ్య ఏదో పెట్టి కుట్టేవాడు, ఏం పెట్టేవాడో ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆ చప్పుడు వినబడితే చాలు, అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడాలి. అంటే మగవాడి హోదాకు చప్పుడు కావాలి. మరి ఆడపిల్ల? 'నడిస్తే నేలకు కూడా తెలియకూడదు' అని మన అమ్మలందరూ మనల్ని తిట్టినవాళ్లే. స్నీకర్ అన్న పేరు రబ్బరు అడుగు చప్పుడు చెయ్యదు గనక వచ్చింది. చాటుమాటుగా వచ్చే మనిషి అని దాని అర్థం. ఆ లెక్కన చూస్తే అది ఆడవాళ్లకే సరిపోయే బూటు అనుకుని నవ్వుకుంటాను. పరీక్ష హాల్లో నేను వెనక నుంచి వస్తున్నట్టు పిల్లలకు తెలియకపోవడం ఒక లాభం అనుకోండి.

అవ్వకు తాత జీవితంలో ఒకే ఒక్క జత కుట్టాడు, మా పెద్దత్త పెళ్లికి. ఆ జత వేసుకుని అవ్వ సూళ్లూరుపేటకు పోవడం నాకు గుర్తుంది. పల్లె దాటేదాకా కాళ్లకు ఉండేవి. ఊరి వీధి మొదట్లో విప్పి, రెండూ కలిపి చంకలో పెట్టుకుని, పైట కప్పుకునేది. వీధి అంతా తలవంచుకుని ఉత్తకాళ్లతో నడిచేది. ఊరు దాటి రోడ్డెక్కాక చెరువు కట్ట దగ్గర మళ్లీ తొడుక్కునేది. ఎండాకాలం ఆ వీధి పొడవునా నేల కాలిపోతుండేది. ఆ వీధిలో వినిపించే ప్రతి కిర్రు చెప్పూ మా ఇంట్లో తయారయిందే. "ఎందుకవ్వా తీస్తావు?" అని అడిగితే, "అరిగిపోతాయి పాపా" అనేది. చాలా ఏళ్లు నేనది నమ్మాను.

1980 ఏప్రిల్లో న్యూయార్క్ నగరంలో బస్సులు, భూగర్భ రైళ్లు పదకొండు రోజులు సమ్మె చేశాయి. ఆఫీసులకు పోయే ఆడవాళ్లు ఎత్తు మడమల జోళ్లు సంచిలో పెట్టుకుని, సూటూ స్కర్టూ మీద రబ్బరు బూట్లేసుకుని మైళ్ల కొద్దీ నడిచారు. సమ్మె అయిపోయాక కూడా చాలామంది ఆ అలవాటు మానలేదు. ఆడవాళ్ల స్నీకర్ల చరిత్ర చెప్పేవాళ్లు ఈ పదకొండు రోజుల్ని ఒక మలుపుగా చెబుతారు. మొదటిసారి చదివినప్పుడు నాకు న్యూయార్క్ కనపడలేదు, చెరువు కట్ట కనపడింది. ఒక జత కాళ్లకు, ఒక జత సంచిలో ఉన్న ఆ ఆడవాళ్లకూ, ఉన్న ఒక్క జతా చంకలో పెట్టుకున్న మా అవ్వకూ పోలిక పెట్టడం అన్యాయమేమో. వాళ్లు దాచింది ఆఫీసు కోరిన జోళ్లు, అవ్వ దాచింది ఊరు వద్దన్న చెప్పులు. కానీ ఎక్కడ ఏది తొడగాలో, ఎక్కడ విప్పాలో రెండు చోట్లా నిర్ణయించింది ఆ కాళ్లున్న మనుషులు కాదు.

అదే 1980లో నేను హాస్టల్లో ఏడో తరగతి. ఆగస్టు 15 పరేడ్‌కు తెల్ల కాన్వాస్ బూట్లు తప్పనిసరి అన్నారు. నాయన దగ్గర డబ్బుల్లేవు. ఈ మాట తాత చెవిన పడింది. తోలు తప్ప మరొకటి ముట్టనివాడు గూడూరు పోయి, బూట్ల షాపు అద్దంలో పెట్టిన తెల్లబూట్లను బయట నుంచి చూసి వచ్చాడు. లోపలికి పోలేదు. ఇంటికొచ్చి నా పాదాన్ని గచ్చు మీద పెట్టించి బొగ్గుతో చుట్టూ గీశాడు. రెండు పాదాలూ విడివిడిగా గీశాడు. "రెండూ ఒక తీరుగా ఉండవు పాపా" అన్నాడు. మందపాటి కోరాగుడ్డ రెండు పొరలు అంటించి, అడుగుకు లారీ టైరు కోసి, నాలుగు రోజుల్లో కుట్టాడు. పైన తెలుపు, కింద నలుపు. చుట్టూ ఆరెతో పొడిచిన కుట్టు, ఒక్క పోగు వంకర లేదు.

నేను వాటిని వేసుకోలేదు. హాస్టల్లో ట్రంకుపెట్టె తెరవగానే పక్క మంచం పిల్ల "టైరు బూట్లు!" అంది. అంతే. పెట్టె అడుగున గుడ్డల కింద దాచేశాను. బూట్లు పోయాయని చెప్పి, పరేడ్‌లో ఆఖరి వరసలో ఉత్తకాళ్లతో నడిచాను. సెలవులకు పోయినప్పుడు తాత అడిగాడు, "సరిపోయినాయా పాపా?" అని. "సరిపోయినాయి తాతా" అన్నాను. ఆ తర్వాత ఆ జత ఏమయిందో, ఏ హాస్టల్ మారినప్పుడు ఎక్కడ పారేశానో కూడా గుర్తులేదు. మా సహోద్యోగి వేలితో లెక్కపెట్టిన పదకొండులో అది లేదు. ఉండాల్సిన మొదటి జత అది.

మా అమ్మాయి జాబితాలో అయిదోది రీబాక్ ఫ్రీస్టైల్. 1982లో వచ్చింది. ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా ఆలోచించి చేసిన తొలి వ్యాయామ బూటుగా దానికి పేరు. ఏరోబిక్స్ చేసే ఆడవాళ్ల కోసం మెత్తటి తోలుతో, చీలమండ దగ్గర రెండు పట్టీలతో చేశారు. అంతకుముందు, ఆ తర్వాత కూడా చాలామటుకు జరిగింది ఒకటే. మగపాదం అచ్చు తీసుకుని, దాన్నే చిన్నది చేసి, గులాబీ రంగు పూసి ఆడవాళ్లకు అమ్మడం. ఆడపాదం చిన్నదైన మగపాదం కాదు. ముందరి వెడల్పుతో పోలిస్తే మడమ సన్నగా ఉంటుంది. అందుకే మనకు ముందు సరిపోయిన బూటు వెనక జారుతుంది, వెనక సరిపోయింది ముందు నొక్కుతుంది. నా సైజు నాలుగు. షాపులో 'యూనిసెక్స్' అని రాసి ఉన్న వాటిని అడిగితే, చాలాసార్లు ఆరుతో మొదలు మేడమ్ అంటారు. పిల్లల సెక్షన్‌కు పొమ్మంటారు. ఇద్దరికీ అని రాసి ఒకరి కొలతతో చేసేవి బూట్లు మాత్రమే కాదనుకోండి. (కొనేటప్పుడు ఒక చిన్న ఉపాయం: సాయంత్రం పూట కొనండి, రోజంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. చీర కట్టుకునే వెళ్లండి. అడుగు మందాన్ని బట్టి చీర అంచు పైకి పోతుంది.)

ఆటల్లో ఆడవాళ్ల పేరు బూటు మీదకి ఎక్కడానికి కూడా చాలా కాలం పట్టింది. బాస్కెట్‌బాల్‌లో ఒక ఆడమనిషి పేరుతో మొదటి బూటు షెరిల్ స్వూప్స్‌ది, 1995లో. కానీ అచ్చు అనగానే నాకు గుర్తొచ్చేది స్వప్నా బర్మన్. జల్‌పాయీగుడి దగ్గర తేయాకు తోటల్లో పనిచేసిన తల్లికి, రిక్షా తొక్కిన తండ్రికి పుట్టిన పిల్ల. రెండు పాదాలకూ ఆరేసి వేళ్లు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో స్వర్ణం గెలిచింది, ఆ పోటీలో భారతీయ స్త్రీకి అదే మొదటి స్వర్ణం. ఏడు పోటీలూ అయిదు వేళ్ల అచ్చుతో చేసిన బూట్లలో ఆరో వేలును నొక్కిపెట్టి, నొప్పి భరించి చేసింది. పతకం వచ్చాకే అడిడాస్ వాళ్లు ఆమె పాదాల కొలతలు తీసుకుని విడిగా బూట్లు చేసిచ్చారు. టీవీలో ఆ వార్త చూసినప్పుడు నాకు మా గచ్చు మీద బొగ్గుగీత గుర్తొచ్చింది. పతకం లేకుండానే, రెండు పాదాలూ విడివిడిగా గీసి నాకు బూట్లు చేసినవాడు ఒకడుండేవాడు.

పోయిన ఆదివారం పల్లెకు పోయాను. మా చిన్నాన్న కొడుకు కూతురు, నన్ను అత్తా అని పిలుస్తుంది, ఇరవై నాలుగేళ్లది, బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మా వైపు తడ, మాంబట్టు, అటు తమిళనాడులో చెయ్యారు దాకా విదేశీ బ్రాండ్లకు బూట్లు తయారు చేసే ఫ్యాక్టరీలున్నాయి. వేల మంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు. తనది ఏ ఫ్యాక్టరీయో రాయను, రాయొద్దని మాట తీసుకుంది. తెల్లారకముందే కంపెనీ బస్సు వస్తుంది. ఆ బస్సు ఆగేది ఊరి నడివీధిలో, అవ్వ చెప్పులు విప్పి నడిచిన వీధిలోనే. అన్ని కులాల పిల్లలూ అక్కడ చెప్పులేసుకునే నిలబడతారు, ఒకే బస్సెక్కుతారు. ఆ సంగతి చెప్పి ఏదో అనబోయాను. "బస్సు దిగినాక ఎవురిల్లు వాళ్లదే అత్తా" అంది నవ్వుతూ.

నా కాళ్లకున్న తెల్లబూట్లను చూసి, ఒకటి విప్పి ఇమ్మంది. లేసులు తీసి, లోపల వేలు పెట్టి కుట్టు తడిమింది. మేం పుస్తకం తీసుకుని ముందు అచ్చుతప్పులు చూస్తామే, అట్లా. "కుట్టు బాగుంది. మా లైను సూపర్‌వైజరైతే ఈ మూల ఒప్పుకోడు" అంది. తర్వాత, "ఎంతయిందత్తా?" అంది. నిజం చెప్పాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. చేతికి వచ్చే నెల జీతం దానికంటే కొంచెమే ఎక్కువని నాకు తెలుసు. ఆ కాసేపట్లో నేను సెమినార్లలో చదివిన పేపర్లన్నీ నా ఒళ్లో వచ్చి కూర్చున్నట్టయింది. "నీకూ ఒక జత కొంటాను, సైజు చెప్పు" అన్నాను. నాకే అది లంచంలా వినబడింది. "వద్దత్తా. పొద్దస్తమానం వాటినే చూస్తా ఉండా. ఇంటికొచ్చినాక కూడా ఎందుకు?" అంది.

తాత గురించి చెప్పాను. టైరు బూట్ల గురించి ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ, మా అమ్మాయికి కూడా. "మరి నువ్వు కుట్టగలవా, మొత్తం జత?" అని అడిగాను. కాసేపు ఆలోచించింది. "నేను నాలుక ఒక్కటే కుడతానత్తా. మూడేళ్లుగా అదే. పక్కనామె అంచు కుడతాది. అడుగంటించేది ఇంకో షెడ్లో, ఆడికి మేం పోము. బూటు మొత్తం అయినాక ఎట్లా ఉంటాదో నేను చూసేది పెట్టె మీద బొమ్మలోనే." నాలుకంటే లేసుల కింద ఉండే పలక. రోజుకు ఎన్ని కుడుతుందో చెప్పింది. ఆ అంకె కూడా రాయొద్దంది.

తాతకు బూటు మొత్తం వచ్చు, పేరు కూడా వచ్చింది. అవ్వకు తోలు పని మొత్తం వచ్చు, పేరు రాలేదు. ఈ పిల్లకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది, బ్యాంకు ఖాతా తన పేరు మీదే ఉంది, దాన్ని తేలిగ్గా చూసే హక్కు నాకు లేదు. అవ్వ చేతికి ఏనాడూ డబ్బు రాలేదు. కానీ మూడు తరాల్లో బూటు మొత్తం తెలిసిన ఆడమనిషి మా ఇంట్లో ఇంకా పుట్టలేదు. పదకొండు జతలున్న నాక్కూడా లోపల ఏముందో తెలీదు.

నేను బయల్దేరేటప్పుడు ఆ పిల్ల అడిగింది, "అత్తా, నీకాడ పాతది, పనికిరానిది ఏదన్నా ఉంటే తెచ్చిస్తావా? విప్పి చూస్తా. ఏది దేనికి అతుకుతాదో చూడాల."

అమ్మాయి నుంచి రాత్రి మెసేజ్ వచ్చింది, ఏది తీసుకుంటున్నావమ్మా అని. జాబితాలో లేనిది తీసుకున్నానని రాశాను. స్కూలు పిల్లలు వేసుకునే తెల్ల కాన్వాస్, సైజు నాలుగు, పిల్లల సెక్షన్లో. కలెక్షన్‌లో దానికి చోటెక్కడ అని నవ్వే బొమ్మలు పంపింది. మొదటి జత పక్కన అన్నాను. దానికి అర్థం కాలేదు. ఈసారి వచ్చినప్పుడు చెప్పాలి.

ఈ ఆదివారం మళ్లీ పల్లెకు పోయాను, మడమ నొప్పికి మొట్టమొదట కొన్న జతను సంచిలో పెట్టుకుని. అడుగు ఒకవైపు అరిగి, లోపలి మెత్త నలిగి పోయింది. వాకిట్లో పాత పేపరు పరిచి, ఆ పిల్ల బ్లేడుతో కుట్లు తెంపడం మొదలుపెట్టింది. ముందు నాలుక వేరు చేసి, "ఇదిగో, ఇది నాది" అని పక్కన పెట్టింది. తర్వాత అంచు, మడమ దగ్గర గట్టి అట్ట, దానిమీద స్పాంజి, పొరలు పొరలుగా. ఒక్కొక్కటి తీసి వరసగా పేర్చింది. అడుగు ఊడదీయడానికి చాలాసేపు పట్టింది. నేను పట్టుకున్నాను, తను లాగింది. సగం పని అయ్యాక బ్లేడు కింద పెట్టి అడిగింది:

"తాత కుట్టిన బూటుకు నాలుక పెట్టినాడా అత్తా?"

నాకు తెలీదు. నేను వాటి లేసులు కూడా విప్పలేదు.